నోటి మూలం

ఎస్తేరు థీసిస్‌లో నూట పద్నాలుగో పేజీలో ఒక్క వాక్యం ఉంది. గొడవంతా దాని గురించే. మిగతా మూడొందల పేజీల్లో ఏ మాట ఎవరిదో, ఎప్పుడు రాశారో, ఎక్కడ అచ్చయిందో అన్నీ వరసగా ఉన్నాయి. ఆఖరికి పంచాయతీ వాళ్ళ బావుల రిజిస్టరుక్కూడా ఆమె ఒక నంబరిచ్చి గౌరవించింది. ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను కదలదు.

వాక్యం ఇది: 'తీరపు ఇసుకలో ఉప్పునీటి మీద తేలే మంచినీటిని ఒకే లోతైన బోరుతో లాగకూడదు. వరసగా తవ్విన దొరువుల నుంచి, ఒకదానికి విశ్రాంతినిస్తూ ఇంకొకదాని నుంచి, పైపైన తీసుకోవాలి.' దొరువంటే ఇసుకలో నడుము లోతున తవ్వే నీటిగుంట. చదివితే ఓస్, ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒడ్డు ఊళ్ళలో బోర్లన్నీ ఉప్పగా మారిపోయి, ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం జుట్లు పట్టుకునే రోజుల్లో, ఆ మాటను నమ్ముకున్న పదకొండు ఊళ్ళు మళ్ళీ ఇంటి దగ్గర మంచినీళ్ళు తాగుతున్నాయి.

అచ్చులో చూస్తే ఆ మాట ప్రొఫెసర్ చంద్రమౌళి గారిది. తొమ్మిదేళ్ళ కిందటి పత్రికలో ఆయన ఒక్కడి పేరుతోనే ఉంది. నిజానికి అన్నది దేవదానం, ఎస్తేరు భర్త. అప్పట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ చంద్రమౌళి గారి లాబులోనే పరిశోధన చేసేవాళ్ళు. ఆ లాబుకో ఆచారం ఉండేది. నోటుబుక్కులో రాసిన ప్రతి పేజీ కిందా గైడు గారి సంతకం పడాలి. శనివారం నాటికి సంతకం పడని పేజీని ఎవరిది వాళ్ళే చింపేసుకోవాలి. పిచ్చి లెక్కలు పోగుపడకుండా ఉండటానికని ఆయన పెట్టిన పద్ధతి. దేవదానం రాసిన పేజీ చదివి, "ఇంకా ఆలోచించాలయ్యా" అని పక్కన పెట్టారాయన. శనివారం వచ్చింది, దేవదానం బుద్ధిమంతుడిలా చింపేశాడు. ఆర్నెల్లకు చంద్రమౌళి గారి ఆలోచన పూర్తయింది, అచ్చయింది.

పత్రిక వచ్చిన రోజు దేవదానం దాన్ని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పాడు. ఎక్కడైనా చిన్నక్షరాల్లోనైనా ఉంటుందేమోనని ఆశ. "కృతజ్ఞతల్లో జీపు డ్రైవరు పేరు కూడా ఏశాడు ఎస్తేరూ. ఎంత మంచోడో!" అని నవ్వాడు. ఆ తర్వాత అతను రీసెర్చి ఊసెత్తలేదు. హైస్కూల్లో సైన్సు చెప్పుకుంటూ బతికాడు. మూడేళ్ళ కిందట డెంగీ జ్వరం వచ్చి ఐదు రోజుల్లో పోయాడు.

సమాధి మీద మట్టి ఆరకముందే ఎస్తేరు ఒక పంతం పట్టింది. ఎప్పటికైనా ఆ వాక్యం పక్కన దేవదానం పేరు అచ్చులో పడాలి. వేరే కోరికలేమీ లేవామెకు. కానీ పట్టుకోవడానికి కాగితం ముక్క లేదు. విన్నది తను ఒక్కతే. పెళ్ళాం మాట ఎవరు నమ్ముతారు?

అలాంటి సమయంలో తీరాంధ్ర విశ్వవిద్యాలయానికి టోపీ వచ్చింది.

దాని అసలు పేరు స్మృతి మూలాన్వేషిణి. అంత పొడుగు పేరు ఎవరి నోటా తిరగక టోపీ అయిపోయింది. వ్యాసాలు రాసిపెట్టే యంత్రాలు వచ్చాక కాగితం చూసి ఏది ఎవరిదో చెప్పడం దేవుడి వల్ల కూడా కాలేదు. దొంగతనం పట్టే సాఫ్ట్‌వేర్లన్నీ చేతులెత్తేశాయి. కాగితం కాదు, రాసినవాడి తలనే అడుగుదాం అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ మెహరున్నీసా. తీగల టోపీ తలకు తగిలించి, నీ వాక్యం నువ్వు పైకి చదువుతావు. టోపీ ఆ వాక్యం వెనకాలే మెదడులోకి దిగి, నువ్వు దాన్ని మొట్టమొదట ఎక్కడ విన్నావో, ఎవరి నోట విన్నావో పట్టుకుని స్లిప్పు మీద అచ్చుకొడుతుంది. ఆ స్లిప్పును విశ్వవిద్యాలయం వేసిన మూలాల సంఘం ఒప్పుకుంటే అచ్చయిన పుస్తకంతో సమానం. దాన్నే నోటి మూలం అంటారు. నిజాంపట్నంలో ఒక జాలరి పేరు తుపానుల మీద రాసిన థీసిస్‌లో పడిందని, ఆయన ఆ పేజీని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాడని పేపర్లో వచ్చింది. అది చదివి ఎస్తేరు ఏడ్చేసింది. మర్నాడే దరఖాస్తు పెట్టింది.

మంగళవారం పొద్దున పది గంటలకు రమ్మన్నారు. మెహరున్నీసా యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటుంది. టోపీ ఎవరి తలకు పెట్టాలన్నా ఆవిడే పెడుతుంది. ఇంకొకరి చేతికివ్వదు. ఎస్తేరును కూర్చోబెట్టి టీ తెప్పించింది గానీ టోపీ తియ్యలేదు.

"ఎస్తేరు గారూ, దరఖాస్తులో రాయని సంగతొకటి ఉంది. మీకు చెప్పాలి. ఆ చెప్పినాయన మీకేమవుతారు?"

"మా ఆయన మేడం. చనిపోయాడు."

మెహరున్నీసా టీ గ్లాసు కింద పెట్టేసింది. "మీ దగ్గర ఆయన గొంతు రికార్డింగులేమైనా ఉన్నాయా?"

"ఫోన్లో ఉన్నాయి. కూరగాయలు తెమ్మన్నాయీ, గ్యాసు బుక్ చెయ్యమన్నాయీ. ఏం మేడం?"

"జ్ఞాపకం పైకి తీసినప్పుడు మెత్తబడుతుందమ్మా. మామూలుగా మనం తలుచుకుంటాం, మళ్ళీ దాని చోట దాన్ని పెట్టేస్తాం. టోపీ అట్లా తలుచుకోదు, పిండుతుంది. చింతపండు పిసికితే పులుసు దిగుతుంది కదా, అట్లా. తేదీ, చోటు, మాట, అన్నీ స్లిప్పులోకి వస్తాయి. మీకు మిగిలేది పిప్పి. సంగతి తెలుస్తుంది. మనిషి కనపడడు."

ఎస్తేరుకు వెంటనే ఎక్కలేదు. "మర్చిపోతానంటారా?"

"మర్చిపోవడం కూడా కాదు. మా నానీ పేరు నా మొదటి పేపర్లో మూడో రిఫరెన్సు. ఆవిడ నాకేం చెప్పిందో అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. ఎక్కడ కూర్చుని చెప్పిందో చెప్పగలను. అదంతా ఎవరో మనవరాలికి ఎవరో అవ్వ చెప్పినట్టుంటుంది నాకు."

"అంత తెలిసీ ఎందుకు మేడం ఇది నడుపుతున్నారు? ఆపెయ్యొచ్చుగా!"

"నాలుగు రిపోర్టులు రాశాను. అభ్యర్థుల దగ్గర అంగీకార పత్రం తీసుకోండి అని జవాబొచ్చింది. తయారుచేసేదాకే అది నాది. ఇప్పుడు దేశంలో అరవై చోట్ల ఉంది. నేను చెయ్యగలిగిందల్లా ఇట్లా కూర్చోబెట్టి చెప్పడమే." ఆవిడ కాగితం ముందుకు జరిపింది. "చంద్రమౌళి గారి పేపరును మూలంగా చూపిస్తే మీకు టోపీతో పనే లేదు. పోయి ఆలోచించుకుని రేపు రండి."

అంగీకార పత్రం ఇంటికి పట్టుకెళ్ళింది ఎస్తేరు. పేరు, చదువు, వాక్యం, మూలపు మనిషి పేరు. చివర్న 'మూలానికీ మీకూ గల సంబంధం' అని ఒక గడి. ఆ గడి చూసేసరికి ఆమెకు గుండె పొంగింది. ఇన్నేళ్ళలో ఏ కాగితమూ అడగని ప్రశ్న. పెన్నుతో రెండుసార్లు దిద్ది పెద్దక్షరాలతో 'నా భర్త' అని రాసింది.

కూతురు కీర్తనకు తొమ్మిది దాటి పదో ఏడు. జడ వేయించుకునేటప్పుడు తల కుదురుగా ఉండాలంటే నాన్న కథ చెప్పాల్సిందే.

"నువ్వు నా కడుపులో ఉన్నావు, ఏడో నెల. వాన పడుతోంది..."

"స్కూటరు ముందు చెప్పాలి."

"సరే, స్కూటరు పంచరైంది. సరుగుడు తోటల పక్కన రోడ్డు. నడుస్తున్నాం. నాకు కాళ్ళు వాచిపోయి నడవలేక మీ నాన్నను తిడుతున్నా. ఆయనేమో నా తిట్లు వినకుండా రోడ్డు పక్క గుంటలోకి వొంగి చూస్తున్నాడు. ఆ నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగాడు. ఛీ, ఏందా పని అన్నా. అప్పుడన్నాడు..."

"మీగడ తీసేటప్పుడు గరిటెను అడుగుదాకా ముంచుతామా ఎస్తేరూ!" కీర్తన తండ్రిలా గొంతు లావు చేసి అరిచింది. తొమ్మిదేళ్ళ గొంతు ఎంత లావవుతుంది! తల్లీకూతుళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు.

ఎస్తేరు జడ చివర రబ్బరు బ్యాండు వేసి కూతురి తల నిమిరింది. ఈ జ్ఞాపకం తీసేస్తే నా దగ్గరేం మిగులుతుంది అనుకుంది. మరి ఇది నా దగ్గరే ఉండిపోతే ఆయనకేం మిగులుతుంది అనీ అనుకుంది. తను చచ్చిపోతే ఈ జ్ఞాపకమూ పోతుంది. అచ్చయిన పేరు పోదు. జీపు డ్రైవరు పేరు ఇంకా ఉంది కదా ఆ పత్రికలో.

బుధవారం వెళ్ళి టోపీ పెట్టించుకుంది.

టోపీ చల్లగా ఉంది. మెహరున్నీసా తీగలు సర్దుతూ, "నూట పద్నాలుగో పేజీ. మామూలుగా చదవండి, తొందర లేదు" అంది. ఎస్తేరు చదివింది. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి 'దొరువుల' అనే మాట దగ్గర మెడ వెనక ఎవరో ఊదినట్టయింది. మూడోసారి ఆమె గదిలో లేదు.

వాన. సరుగుడాకుల వాసన. స్కూటరు హ్యాండిలు పట్టుకుని తోస్తున్న అతని ముంజేయి, దాని మీద తడిసి అంటుకున్న వెంట్రుకలు. ఇన్నేళ్ళుగా తలుచుకుంటూ కూడా ఎన్నడూ చూడని సంగతులు కనిపించాయి. అతని చొక్కా కింది గుండీ ఊడి ఉంది. తను కుట్టడం మర్చిపోయిన గుండీ. అతను గుంట పక్కన గొంతుక్కూచుని నీళ్ళు తాగి, తలెత్తి చూశాడు. కనురెప్పల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ముఖమంతా వెలిగిపోతోంది. ఆ మాట అన్నాడు. దాని వెనకాలే ముక్కుతో చిన్నగా నవ్వాడు. ఎస్తేరుకు ఆ నవ్వు పట్టుకోవాలనిపించింది. దానం, ఉండు, ఒక్క నిమిషం ఉండు అని అరవబోయింది.

కిర్రుమని స్లిప్పు బయటికొచ్చింది.

మెహరున్నీసా టోపీ తీసి నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. ఎస్తేరు బుగ్గలు తడిసి ఉన్నాయి, ఎందుకో ఆమెకు తెలియలేదు. స్లిప్పు చదువుకుంది. 'మూలం: దేవదానం, భర్త. చోటు: సరుగుడు తోటల పక్క రోడ్డు. కాలం: సుమారు పదేళ్ళ కిందట, ఆగస్టు, సాయంత్రం, వాన. మాట: మీగడ తీసేటప్పుడు గరిటెను అడుగుదాకా ముంచుతామా.' అంతా కరెక్టే. నిన్నటి పేపర్లో పక్క జిల్లా వార్త చదివినట్టుంది.

"ఎలా ఉందమ్మా?" అంది మెహరున్నీసా.

"బాగానే ఉంది మేడం" అంది ఎస్తేరు. నిజంగానే బాగానే ఉంది. అందుకే ఆమెకు భయమేసింది.

మూలాల సంఘం కన్వీనరు నిత్యానందం గారు మంచి మనిషని పేరు. ఎవర్నీ కసురుకోడు. పదిరోజుల తర్వాత ఎస్తేరును పిలిపించి, కూర్చోమని, ఫ్యాను ఆమె వైపు తిప్పించి మరీ చెప్పాడు.

"మీ నోటి మూలం తీసుకోలేమమ్మా."

"స్లిప్పులో ఏమైనా తేడా ఉందాండీ?"

"స్లిప్పు బంగారంలా ఉంది. సంబంధం దగ్గర భర్త అని ఉంది. బంధువుల పేర్లు మూలంగా వెయ్యకూడదని పోయిన నెల కొత్త నిబంధనొచ్చింది. ఏం చెప్పమంటారు, ఈ టోపీ వచ్చాక ప్రొఫెసర్లందరికీ అల్లుళ్ళూ బావమరుదులూ జ్ఞానులైపోయారు. వంకాయ తెగుళ్ళ మీద థీసిస్‌కి వియ్యంకుడు మూలమంట! వాళ్ళ పేర్లు వేయించుకుంటే ప్రమోషన్లొస్తాయి కదా. అందుకని మొత్తానికే కొట్టేశారు."

"మా ఆయనకు ప్రమోషన్ ఎక్కడిదండీ? చనిపోయాడు."

"నిబంధనలో చనిపోయినవాళ్ళ సంగతి లేదమ్మా." ఆయన నిజంగా బాధపడ్డాడు. "మీరిద్దరూ ఒకే లాబులో చేశారు కదా. సహపరిశోధకుడు అని రాసుంటే కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి. భర్త అని ఎందుకు రాశారు?"

ఎందుకు రాసిందో ఆయనకు ఎలా చెప్పాలి? "ఇప్పుడు మార్చి రాస్తానండీ. అదీ నిజమేగా!"

"అచ్చుపడిన స్లిప్పు మీద మార్చకూడదు. ఇంకోసారి టోపీ పెట్టించుకుని కొత్త స్లిప్పు తెండి. నేను చేయగలిగిందల్లా చేస్తాను."

ఆమె మెట్లు దిగి, ఎండలో ఆ చివరి బ్లాకుదాకా నడిచి, మెహరున్నీసా గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని జరిగింది చెప్పింది. సంగతి విన్నాక మెహరున్నీసా, "నాకా నిబంధన తెలీదమ్మా, తెలిస్తే ఆ గడి దగ్గరే ఆపేదాన్ని" అని మూడుసార్లు అంది. వద్దు, లాభం లేదు అంటూనే ఎస్తేరు పోరు పడలేక టోపీ పెట్టింది. ఎస్తేరు వాక్యం చదివింది. మళ్ళీ చదివింది. ఏడుసార్లు చదివింది. వాన రాలేదు, ఏ వాసనా రాలేదు. చివరికి స్లిప్పు వచ్చింది.

'మూలం: స్మృతి మూలాన్వేషిణి స్లిప్పు. చోటు: ఇదే గది. కాలం: పోయిన బుధవారానికి ముందు బుధవారం. చదివినది.'

మెహరున్నీసా ఆ స్లిప్పును చించబోయి ఆగింది. చించడానిక్కూడా ఆవిడకు అధికారం లేదు. స్లిప్పులన్నీ ఫైలులో పెట్టాలి. దాన్నీ ఫైలులో పెట్టి మూసింది. "నన్ను తిట్టండమ్మా" అంది మెహరున్నీసా. తిట్టాలని ఎస్తేరుక్కూడా ఉంది. తిట్టడానికి లోపల ఏదో ఒకటి మండాలి కదా. ఏదీ మండటం లేదు.

వారానికి సంఘం ఉత్తరం వచ్చింది. నోటి మూలం చెల్లనందువల్ల తర్వాత దొరికే మూలాన్ని చూపాలి. తర్వాత దొరికేది ప్రొఫెసర్ చంద్రమౌళి గారి వ్యాసం. మూలం చూపకుండా వాక్యం వాడితే చౌర్యం కిందికి వస్తుంది. పదిహేను రోజుల్లో సరిచెయ్యకపోతే పదేళ్ళ రిజిస్ట్రేషను రద్దవుతుంది.

ఆ పదిహేను రోజులూ ఎస్తేరు ఎక్కని గడప లేదు. చంద్రమౌళి గారి ఇంటికి కూడా వెళ్ళింది. రిటైరై ఆరేళ్ళయింది, మనిషి చిక్కిపోయాడు. ఆమెను చూసి సంతోషించాడు, మజ్జిగ ఇప్పించాడు. "దేవదానం చాలా మంచి కుర్రాడమ్మా. బతికుంటే ఎంతో పైకొచ్చేవాడు" అన్నాడు. ఆ మాట ఎవరిదండీ అని ముఖం మీదే అడిగింది. "నాదే. ఒకరోజు పొద్దున పూజ చేసుకుంటుంటే తట్టింది" అన్నాడాయన. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఆయన ఎప్పుడో నమ్మేసుకున్నాడు. మీరే వచ్చి టోపీ పెట్టించుకోండి సార్ అంది. అరవై అయిదు దాటినవాళ్ళకు పెట్టరట కదమ్మా అన్నాడు. అదీ నిజమే.

పోట్లాడదామన్నా ఇదివరకటిలా పోట్లాడలేకపోయింది. మూడేళ్ళుగా ఎవరడిగినా, 'నా చెవులారా విన్నాను, నా కళ్ళముందు అన్నాడు' అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పేది. ఇప్పుడు చెప్పబోతే మాట సగంలో ఆగిపోతోంది. విన్నట్టు ఆమెకే గుర్తు లేదు. పద్నాలుగో రోజు మధ్యాహ్నం, కంప్యూటరు ముందు కూర్చుని, నూట పద్నాలుగో పేజీలో ఆ వాక్యం పక్కన బ్రాకెట్లో చంద్రమౌళి గారి పేరు తన చేత్తో తనే కొట్టింది. వైవాలో ఆ వాక్యం గురించి ఎవరూ అడగలేదు. డాక్టర్ ఎస్తేరు అని అందరూ చప్పట్లు కొట్టారు.

ఆగస్టులో దేవదానం జ్ఞాపకార్థ కూడిక. ఏటా ఆ రోజున చర్చి సంఘస్తులు నలభై మంది ఇంటికొస్తారు. ప్రార్థనయ్యాక ఇంటివాళ్ళలో ఒకరు లేచి పోయిన మనిషి గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పాలి. రెండేళ్ళూ ఎస్తేరే చెప్పింది. వాన కథే చెప్పింది. అందరికీ తెలిసినదే, అయినా అందరూ దానికోసమే కూర్చుంటారు.

"చెప్పమ్మా ఎస్తేరూ. మనోడి మీగడ మాట చెప్పు" అన్నారు పాస్టరు గారు.

ఎస్తేరు లేచి నిలబడింది. "పదేళ్ళ కిందట... ఆగస్టులో... సాయంత్రం, వాన పడతా ఉంది. సరుగుడు తోటల పక్కన రోడ్డు మీద మా ఆయన..." అని ఆగింది. తర్వాత మాటేదో తెలుసు. అనేసింది. అంతటితో అయిపోయింది. కూర్చున్నవాళ్ళు ఇంకా ఉందని ఎదురుచూస్తున్నారు. వెనక ఒకావిడ, "పాపం, దుఃఖం అడ్డమొస్తా ఉంది" అని పక్కావిడతో గొణిగింది. దుఃఖం వస్తే బాగుండునని ఎస్తేరు నిలబడి ఎదురుచూసింది. రాలేదు.

కీర్తన లేచి తల్లి పక్కన నిలబడింది. "నేను చెప్తా. స్కూటరు పంచరైందంట. అమ్మకి కాళ్ళు వాచిపోయినయ్యంట. నాన్న గుంటలో నీళ్ళు తాగాడంట. అమ్మ ఛీ అన్నదంట. అప్పుడు మీగడ మాటన్నాడు. అని, అమ్మ నవ్వేదాకా అక్కడే వానలో నిలబడి పాట పాడాడు. అప్పుడిక అమ్మ నవ్వింది. నేను లోపల తన్నానంట." జనం నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎస్తేరు కూతురి ముఖంలోకే చూస్తూ ఆ మొగుడూ పెళ్ళాల కథను మొదటిసారి వింటున్నట్టు విన్నది. ఎంత చక్కటి మనిషో అతను అనిపించింది.

అందరూ భోజనాలు చేసి వెళ్ళాక, కీర్తన చాపలు చుడుతూ అడిగింది. "అమ్మా, పాట సంగతి నువ్వు చెప్పావా, నేనే కలిపేశానా? నాకు గుర్తు రావట్లా. నాన్న నిజంగా పాడాడా?"

ఎస్తేరు కూతురి చేతిలోంచి చాప తీసుకుంది.

"పాడాడమ్మా" అంది. పాడాడో లేదో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.